క్వారీ బ్యాంక్ మిల్లు: మంచి యజమాని కట్టించిన ఇంట్లో బాలకార్మికుల కథ

మాంచెస్టర్ విమానాశ్రయానికి కూతవేటు దూరంలో, చెషైర్ కౌంటీలోని స్టయల్ పల్లెను ఆనుకుని, బోలిన్ నది లోయలో ఉన్న క్వారీ బ్యాంక్ మిల్లును ఇంగ్లండ్‌లోని తెలుగువారు చాలామంది పిల్లల సెలవుల్లో ఒక పూట గడిపే తోటగానే చూస్తారు. తోట బాగానే ఉంటుంది, నది ఒడ్డున నడకా బాగుంటుంది. కానీ ఈ సమీక్ష తోట గురించి కాదు. పారిశ్రామిక విప్లవం తొలి దశలో నూలు మిల్లుల్లో పనిచేసిన పిల్లల గురించి, వారిని ఆ పని నుంచి తప్పించడానికి జరిగిన పోరాటం గురించి తెలుసుకోవాలనుకునేవారికి ఈ చోటు ఎంతవరకు పనికొస్తుందన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నాను. క్లుప్తంగా చెప్పాలంటే, పిల్లల బతుకు ఎలా ఉండేదో ఇంత దగ్గరగా చూపించే చోటు నాకు తెలిసి మరొకటి లేదు. పోరాటం సంగతి మాత్రం కొంత చదువుకుని వెళ్లినవారికే పూర్తిగా కనిపిస్తుంది. ఎందుకంటే ఇది క్రూరమైన యజమాని నడిపిన మిల్లు కాదు, మంచివాడని పేరు తెచ్చుకున్న యజమాని నడిపిన మిల్లు. పిల్లల పనిగంటల మీద చట్టం వద్దని వాదించినవారికి ఇలాంటి మిల్లులే పెద్ద ఆధారమయ్యాయి.

ముందుగా స్థలం గురించి నాలుగు మాటలు. బెల్‌ఫాస్ట్‌లో పుట్టి మాంచెస్టర్ వస్త్రవ్యాపారంలో స్థిరపడిన శామ్యూల్ గ్రెగ్ 1784లో ఈ మిల్లును స్థాపించాడు. యంత్రాలు నడవడానికి నదిలో నీటి ఉరవడి ఉంది కానీ, చుట్టుపక్కల పల్లెల్లో పనివాళ్లు చాలినంతమంది లేరు. ఆ లోటు తీర్చడానికి పట్టణాల వర్క్‌హౌస్‌ల నుంచి, అంటే దిక్కులేని పేదలను చర్చి పారిష్‌లు తమ ఖర్చుతో ఉంచి పోషించే ఆశ్రమాల నుంచి, పిల్లలను ఒప్పంద పత్రాల మీద తెచ్చుకున్నారు. వాళ్లను ఉంచడానికి 1790లో కట్టించిన భవనమే అప్రెంటిస్ హౌస్. గ్రెగ్ వంశీకులు 1939లో ఈ ఆస్తిని నేషనల్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థకు అప్పగించారు. ట్రస్ట్ సభ్యులకు ప్రవేశం ఉచితం, మిగతావారు టికెట్ కొనుక్కోవాలి. అప్రెంటిస్ హౌస్‌లోకి మాత్రం మనంతట మనం వెళ్లి తిరగడం కుదరదు. నిర్ణీత సమయానికి గైడ్ వెంట చిన్న బృందంగా వెళ్లాలి. అందుకే గేటు దగ్గరికి చేరగానే ముందు ఆ సమయం ఖాయం చేసుకుని, తక్కినవన్నీ తరవాత చూడటం మంచిది.

అప్రెంటిస్ హౌస్ బయటినుంచి చూస్తే సున్నం వేసిన పెద్ద పల్లెటూరి ఇల్లులా ఉంటుంది. ఒక దశలో ఇందులో సుమారు 90 మంది పిల్లలు ఉండేవారు, వారిలో ఆడపిల్లలే ఎక్కువ. మగపిల్లలకన్నా వాళ్లు అణకువగా ఉంటారన్నది యజమానుల నమ్మకం. లోపల ముందుగా వంటగది, తరవాత పలకలు పెట్టిన చదువుల గది, ఆ పైన పడకగదులు వస్తాయి. వంటగదిలో గైడ్ ఓట్ల గంజి గురించి చెప్పే ముచ్చట పిల్లలకు బాగా నచ్చుతుంది. పొద్దున పని మొదలైన తరవాత మిల్లుకే తెచ్చి పెట్టే ఆ గంజి ఎంత గట్టిగా ఉండేదంటే, గిన్నె, గరిటె అవసరం లేకుండా అరచేతిలోనే పెట్టేవారట. చేతులకు అంటిన నూనె, దూదిపీచు దానితోపాటే కడుపులోకి పోయేవని గైడ్ చెప్పగానే నవ్వులు ఆగిపోతాయి. ఇక్కడి గైడ్లు పిల్లలను బెదరగొట్టకుండా, నవ్విస్తూనే అసలు విషయం దగ్గరికి తీసుకువస్తారు. ఆ నేర్పు మెచ్చుకోదగినది.

పడకగదిలో మంచాలు వరసగా ఉంటాయి. గడ్డి పరుపులు, ఒక్కో మంచానికి ఇద్దరు. ఈ ఇద్దరి లెక్క వెనక పెద్ద కథే ఉంది. 1784లో మాంచెస్టర్ దగ్గరి రాడ్‌క్లిఫ్‌లో నూలు మిల్లు పిల్లల్లో విషజ్వరం వ్యాపించినప్పుడు డాక్టర్ థామస్ పెర్సివల్, అతని తోటి వైద్యులు విచారణ జరిపి, పిల్లల చేత రాత్రివేళ పని చేయించడాన్ని, సుదీర్ఘమైన పనిగంటలను తప్పుపట్టారు. దాని ఫలితంగా లాంకషైర్ మేజిస్ట్రేట్లు, రాత్రిపూట గానీ రోజుకు పది గంటలకు మించి గానీ పని చేయించే మిల్లులకు పారిష్ పిల్లలను పంపే ఒప్పందాలకు అనుమతి ఇవ్వకూడదని తీర్మానించుకున్నారు. ఆ రాడ్‌క్లిఫ్ మిల్లు యజమానుల్లో ఒకడైన సర్ రాబర్ట్ పీల్, తరవాత ప్రధానమంత్రి అయిన పీల్‌కు తండ్రి, 1802లో పార్లమెంటులో తొలి ఫ్యాక్టరీ చట్టాన్ని తెచ్చాడు. అప్రెంటిస్ పిల్లలకు రోజుకు పన్నెండు గంటలకు మించి పని ఉండకూడదని, రాత్రిపని క్రమంగా ఆపేయాలని, ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరు వేరు గదులు ఉండాలని, గదులకు ఏడాదికి రెండుసార్లు సున్నం వేయాలని, ఒక మంచం మీద ఇద్దరికి మించి పడుకోబెట్టకూడదని ఆ చట్టం చెప్పింది. మంచానికి ఇద్దరన్నది ఈ రోజు మనకు ఇరుకుగా కనిపిస్తుంది. ఆనాడు దాన్ని గరిష్ఠ పరిమితిగా చట్టంలో రాసుకోవలసి వచ్చిందంటే, మిగతాచోట్ల పడకలు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు. ఇన్ని చెప్పిన చట్టం తనిఖీ బాధ్యతను మాత్రం స్థానిక మేజిస్ట్రేట్లు నియమించే, జీతం లేని సందర్శకులకు వదిలేసింది. వాళ్లలో ఒకరు మేజిస్ట్రేటు, ఇంకొకరు మతగురువు. మిల్లు యజమానితో కలిసి విందు చేసే ఇరుగుపొరుగు పెద్దలు అతని మిల్లును ఎంత గట్టిగా తనిఖీ చేసి ఉంటారో వేరే చెప్పనక్కరలేదు.

ఈ పడకగదుల్లో పడుకున్న ఇద్దరు కుర్రవాళ్ల గురించి తెలుసుకుని వెళితే సందర్శన విలువ రెట్టింపవుతుంది. థామస్ ప్రీస్ట్‌లీ, జోసెఫ్ సెఫ్టన్ అనేవారు లండన్ శివారు హ్యాక్నీ వర్క్‌హౌస్ నుంచి ఇక్కడికి వచ్చిన అప్రెంటిస్‌లు. 1806లో ఇద్దరూ పారిపోయి, తల్లులను చూడాలని లండన్ దాకా వెళ్లారు. అక్కడ ఆగస్టులో మిడిల్‌సెక్స్ మేజిస్ట్రేట్ల ముందు వారు ఇచ్చిన వాంగ్మూలాలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. ప్రీస్ట్‌లీకి అప్పటికి పదమూడేళ్లు. యంత్రం చక్రంలో చిక్కి వేలు తెగిపోయిన సంగతి అతను చెప్పాడు. పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా పని ఉండేదని, అదనపు గంటలకు కొద్దిపాటి డబ్బు ముట్టేదని, రాత్రిళ్లు తలుపులకు తాళం వేసేవారని, తిండి మాత్రం కడుపునిండా పెట్టేవారని ఆ వాంగ్మూలాల వల్ల మనకు తెలుస్తుంది. యజమాని మీద తనకు ఫిర్యాదు లేదని కూడా సెఫ్టన్ అన్నాడు. ఈ మాటను గ్రెగ్ మంచితనానికి ధ్రువపత్రంగా చూపేవారు ఉన్నారు. నాకు మాత్రం అందులో వేరొకటి వినిపించింది. కొట్టకపోయినా, పస్తులు ఉంచకపోయినా పిల్లలు అక్కడ ఉండలేకపోయారు. వాళ్లకు అమ్మ కావాలి. కడుపు నింపడానికి, తాళం వేయడానికి యజమాని దగ్గర ఏర్పాటు ఉంది కానీ, ఆ కోరికకు ఒప్పంద పత్రంలో చోటు లేదు.

ముప్పై ఏళ్ల తరవాత లివర్‌పూల్ నుంచి వచ్చిన ఎస్తర్ ప్రైస్ అనే అమ్మాయి ఇక్కడినుంచే పారిపోయి తిరిగొచ్చింది. ఆమెను ఒక గదిలో ఒంటరిగా బంధించి, కిటికీలకు చెక్కలు బిగించారు. అది 1836, అంటే పిల్లల పనిగంటలను నియంత్రించే గట్టి చట్టం వచ్చి మూడేళ్లయ్యాక జరిగిన సంగతి. బాలకార్మిక వ్యవస్థకు వ్యతిరేకంగా జరిగిన ఉద్యమాన్ని చెప్పేటప్పుడు మనం ఎప్పుడూ దొరల పేర్లే వరసగా చదువుతాం. పారిపోయి, పట్టుబడి, మేజిస్ట్రేటు ముందు నిలబడి నోరు విప్పిన పిల్లలను కూడా ఆ వరసలోనే నిలపాలని ఈ గదుల్లో తిరుగుతున్నంతసేపూ అనిపించింది.

ఇంట్లోంచి బయటికి వచ్చి, పిల్లలు రోజూ నడిచిన దారిలోనే మిల్లుకు దిగుతాం. మిల్లులో ఇప్పటికీ కొన్ని యంత్రాలను నడిపి చూపిస్తారు. మగ్గాలు ఒక్కసారిగా కదిలినప్పుడు నేల అదురుతుంది, పక్కనున్నవారి మాట వినిపించదు. లాంకషైర్ నేతపనివాళ్లు పెదాల కదలికను బట్టే మాట్లాడుకోవడం నేర్చుకున్నారంటే వింత లేదు. నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం నూలు వడికే మ్యూల్ యంత్రం దగ్గర. కదుళ్లు నిండిన పెద్ద బండి ఒకటి పట్టాల మీద ముందుకు జరుగుతూ దారాన్ని సాగదీసి పురిపెడుతుంది, వెనక్కి జరుగుతూ చుట్టుకుంటుంది. తెగిన దారాలను ఆ కదలిక ఆగకుండానే వేళ్లతో అతకాలి. బండి కింద రాలిన దూదిని, అది వెనక్కి వచ్చేలోపు నేలమీద పాకుతూ ఏరెయ్యాలి. గైడ్ బండి కింది ఖాళీని చేత్తో కొలిచి చూపించినప్పుడు, అందులో పెద్దమనిషి పట్టడని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. పిల్లలను పెట్టుకున్నది కూలి తక్కువని మాత్రమే కాదు, యంత్రం చుట్టూ తిరిగే శరీరం చిన్నదై ఉండాలనే లెక్కతో పని విభజన జరిగింది.

మాతోపాటు వచ్చిన మా అమ్మ గద్వాల ప్రాంతం మనిషి. ఇంగ్లీషు రాదు కనుక గైడ్ మాటలు నేను చెబుతుంటే వింటూ, యంత్రం కింది జాగాను చూసి, "మా దిక్కు విత్తన పత్తి చేన్లల్ల క్రాసింగ్‌కు గిట్లనే చిన్న పిల్లలే కావాలంటుండిరి బిడ్డా, మొక్క ఎత్తుకు పిల్లల చెయ్యి సరిపోతదని" అంది. పాత మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనాల పొలాల్లో పూలకు పరాగం అద్దే పనికి ఆడపిల్లలను పెట్టుకున్న చరిత్ర తెలిసినవారికి ఆమె మాట కొత్తది కాదు. రెండు వందల ఏళ్ల దూరంలో, అదే పత్తి చుట్టూ, యజమాని చెప్పే కారణం కూడా ఒకటే కావడం నన్ను కాస్త కలవరపెట్టింది.

మిల్లు ప్రదర్శనలో వ్యాపారపు వైపు చూపే గదులకు వచ్చేసరికి చదువుకుని వెళ్లినదంతా అక్కరకు వస్తుంది. శామ్యూల్ గ్రెగ్ 1834లో చనిపోయాక కొడుకు రాబర్ట్ హైడ్ గ్రెగ్ మిల్లును నడిపాడు. చదువుకున్నవాడు, తరవాత మాంచెస్టర్ నుంచి పార్లమెంటుకు వెళ్లినవాడు. అతనే 1837లో పదిగంటల పనిదినం డిమాండుకు వ్యతిరేకంగా పుస్తకం రాసి, మిల్లుపని ఆరోగ్యాన్ని, నడవడికను పాడుచేస్తుందన్న ఆరోపణలను ఖండించాడు. అంతకు రెండేళ్ల ముందు, 1835లో, ఫ్యాక్టరీ వ్యవస్థను సమర్థిస్తూ రాసిన ఆండ్రూ యూర్ ఈ అప్రెంటిస్ హౌస్‌నే ఉదాహరణగా చూపి, ఎండ పడే వాలు మీద చక్కటి ఇల్లు, మంచి తిండి, బట్ట, చదువుతో పెరుగుతున్న అరవై మంది అమ్మాయిలు అని వర్ణించాడు. మనం ఇప్పుడే చూసి వచ్చిన ఇల్లే అది. ఆ వర్ణనలో అబద్ధం పెద్దగా లేదు, ఇక్కడి పిల్లలు నిజంగానే మిగతా మిల్లుల పిల్లలకన్నా మెరుగ్గా ఉన్నారు. నట్స్‌ఫర్డ్ నుంచి పీటర్ హాలండ్ అనే వైద్యుడు క్రమం తప్పకుండా వచ్చి వాళ్లను చూసేవాడు. గ్రెగ్ కుటుంబంలోని వారే చదువు చెప్పేవారు. కానీ ఈ ఒక్క ఇల్లు చూపించి చట్టమే అక్కరలేదన్న వాదన మొదలైనప్పుడు, దయ అనేది హక్కుకు అడ్డుగోడ అయింది. క్రూరుడైన యజమానిని పత్రికలో తిట్టవచ్చు. దయగల యజమాని వాదనకు జవాబు చెప్పడం ఉద్యమకారులకు అంతకన్నా కష్టమైంది.

మరి ఈ లోయ దాటితే ఏమి జరుగుతోంది? డెర్బీషైర్‌లోని లిట్టన్ మిల్లులో అప్రెంటిస్‌గా నరకం చూసిన రాబర్ట్ బ్లింకో అనే అనాథ జీవితగాథ 1828లో ఒక రాడికల్ పత్రికలో వచ్చింది. నూలు కార్మికుల సంఘ నాయకుడు జాన్ డోహర్టీ దాన్ని 1832లో మాంచెస్టర్‌లో మళ్లీ అచ్చువేసి పంచాడు. తరవాత విచారణ జరుపుతున్న అధికారి బ్లింకోను, నీ పిల్లలను మిల్లుకు పంపుతావా అని అడిగితే, అంతకన్నా వాళ్లకు ద్వీపాంతర శిక్ష పడటమే మేలని జవాబిచ్చాడు. యార్క్‌షైర్‌లో రిచర్డ్ ఓస్ట్లర్ అనే ఎస్టేటు నిర్వాహకుడు, బ్రాడ్‌ఫర్డ్‌లో మిల్లు నడిపే స్నేహితుడు జాన్ వుడ్ చెప్పిన మాటలకు చలించి, 1830 అక్టోబరులో లీడ్స్ మెర్క్యురీ పత్రికలో అచ్చయిన లేఖలో, వెస్టిండీస్ బానిసల కోసం కన్నీరు కార్చే పెద్దమనుషులు తమ ఊళ్లోని మిల్లు పిల్లల బానిసత్వాన్ని చూడటం లేదని నిలదీశాడు. ఆ లేఖ మీద రేగిన వాదోపవాదాల్లోంచే ఊరూరా పనిగంటల తగ్గింపు కమిటీలు లేచాయి. 1832 ఈస్టర్ వారంలో మిల్లు ఊళ్ల నుంచి వేలమంది వానలో తడుస్తూ యార్క్ నగరానికి నడిచి వెళ్లి సభ జరిపారు.

అదే ఏడాది ఎంపీ మైఖేల్ శాడ్లర్ అధ్యక్షతన పార్లమెంటు కమిటీ కార్మికులను పిలిచి సాక్ష్యాలు నమోదు చేసింది. లీడ్స్‌కు చెందిన ఎలిజబెత్ బెంట్లీ తాను ఆరేళ్ల వయసులో అవిసెనార మిల్లులో చేరి, నిండిన కదుళ్లు తీసి ఖాళీవి పెట్టే పని చేశానని, పని ఎక్కువగా ఉన్న రోజుల్లో పొద్దున అయిదు నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడేదాన్నని, వెనకబడితే తోలుపట్టీతో కొట్టేవారని, బరువు బుట్టలు లాగి లాగి తన ఒళ్లు వంకరపోయిందని చెప్పింది. అలా సాక్ష్యం చెప్పి ఇంటికి తిరిగివెళ్లినవారిలో కొందరికి పని పోయింది. ఆ ఏడాది చివరి ఎన్నికల్లో శాడ్లర్ ఓడిపోయాడు. పనిగంటలు తగ్గించాలని అతను తెచ్చిన బిల్లును లార్డ్ ఆష్లీ అనే మరో ఎంపీ తలకెత్తుకున్నాడు. కమిటీ ఒకవైపు వాదనే విన్నదని యజమానులు పట్టుబట్టగా, ప్రభుత్వం 1833లో రాయల్ కమిషన్ వేసింది. చివరికి 1833 ఆగస్టు 29న ఆమోదం పొందిన ఫ్యాక్టరీ చట్టం, పట్టు మిల్లులను మినహాయించి, తొమ్మిదేళ్ల లోపు పిల్లలను వస్త్ర మిల్లుల్లో పెట్టుకోవడాన్ని నిషేధించింది. తొమ్మిది నుంచి పదమూడేళ్ల లోపువారికి వారానికి 48 గంటల పరిమితి పెట్టి, రోజుకు రెండు గంటల చదువు తప్పనిసరి చేసింది. తొలిసారి జీతం ఉన్న ఇన్‌స్పెక్టర్లను నియమించింది. దేశం మొత్తానికి నలుగురే.

దీనికి ఒక్కరోజు ముందు, ఆగస్టు 28న, బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వ నిర్మూలన చట్టానికి ఆమోదం లభించింది. ఈ రెండు తేదీలు పక్కపక్కన ఉండటాన్ని క్వారీ బ్యాంక్‌లో నిలబడి తలచుకోవాలి. గ్రెగ్ కుటుంబానికి కరీబియన్ దీవి డొమినికాలో హిల్స్‌బరో అనే చెరకు ఎస్టేటు, అందులో బానిసలు ఉండేవారు. మిల్లులోకి వచ్చిన పత్తిలోనూ అమెరికా బానిసల చెమట ఉంది. ఓస్ట్లర్ తన లేఖలో పోలిక కోసం చెప్పిన రెండు బానిసత్వాలు ఈ ఇంట్లో ఒకే కుటుంబం ఖాతా పుస్తకాల్లో కలుస్తాయి.

చదువుల గది దగ్గరికి మళ్లీ ఒకసారి వస్తాను, ఎందుకంటే తెలుగువారికి ఈ సందర్శనలో ఎక్కువ ఆలోచన పుట్టించేది ఆ గదే. పలకలు, బల్లలు చూసి మా పిల్లలు, "పనిచేసే పిల్లలకు బడి కూడా ఉండేదా, బాగుందే" అన్నారు. పన్నెండు గంటలు నిలబడి పనిచేసి వచ్చిన పిల్లవాడు సాయంత్రం పలక పట్టుకుని ఏమి నేర్చుకుంటాడో మాత్రం ఆ వస్తువులు చెప్పలేవు. 1833 చట్టం పెట్టిన రెండు గంటల చదువు చాలాచోట్ల హాజరు కాగితంగానే మిగిలింది. 1844 చట్టం ఎనిమిదేళ్ల నుంచి పదమూడేళ్ల పిల్లలను పూటపని, పూటబడి పద్ధతిలోకి తెచ్చింది. గంటలు తగ్గించిన ఆ చట్టమే పనిలో చేరే కనీస వయసును ఒక ఏడాది కిందికి దించిందన్నది చాలామంది గమనించరు. పూట బడి, పూట పని పద్ధతి ఇంగ్లండ్‌లో ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగం దాకా ఈడ్చుకుంటూ వచ్చింది. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1990ల్లో పనిచేసినప్పుడు సరిగ్గా ఈ రాజీనే తిరస్కరించింది. పగలు పని, రాత్రి బడి అనే ఏర్పాటు పిల్లవాణ్ని పనిలోనే ఉంచుతుందని, బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ బాలకార్మికుడిగానే లెక్కించాలని, పూర్తికాలపు బడి తప్ప మరో మందు లేదని ఆ సంస్థ పట్టుబట్టింది. ఆ మాటకు వెనక ఎంత చరిత్ర ఉందో తెలియాలంటే ఈ పలకల గదికి మించిన చోటు లేదు.

మన దేశానికి ఇంకో లంకె కూడా ఉంది. బొంబాయి మిల్లులు లాంకషైర్‌కు పోటీగా ఎదిగినప్పుడు, ఒకప్పుడు తమ దేశంలో పనిగంటల చట్టాన్ని ఎదిరించిన వర్గంవారే, భారతదేశంలో ఫ్యాక్టరీ చట్టం కావాలని ఒత్తిడి తెచ్చారు. అలా వచ్చిన 1881 చట్టం ఏడేళ్ల లోపు పిల్లలను పెట్టుకోకూడదని, ఏడు నుంచి పన్నెండేళ్లవారికి రోజుకు తొమ్మిది గంటలని నిర్ణయించింది. పిల్లల మీద దయ ఎంతో, పోటీ భయం ఎంతో విడదీయడం కష్టం.

వైద్యం గురించి చెప్పే చోట కాసేపు ఆగండి. జలగలు, మూలికల కథలు పిల్లలకు సరదాగా ఉంటాయి. పెద్దలు తెలుసుకోవలసింది వయసు నిర్ధారణ సంగతి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ జనన నమోదు 1837 జూలైలో గానీ మొదలుకాలేదు. అంతకు ముందు పుట్టిన బిడ్డకు తొమ్మిదేళ్లు నిండాయో లేదో ఎవరు చెప్పాలి? డాక్టరు ఎత్తును, ఒంటి పుష్టిని చూసి రాసిచ్చేవాడు. పళ్లు చూసి వయసు కట్టే పద్ధతినీ అప్పుడే ప్రతిపాదించారు. కూలి డబ్బు అవసరమైన తల్లిదండ్రులు, చవక చేతులు అవసరమైన యజమాని ఇద్దరూ వయసును ఎక్కువ చేసి చెప్పడానికే చూసేవారు. మన ఊళ్లలో బడి రికార్డుకు ఒక పుట్టిన తేదీ, పనికి మరో వయసు చెప్పిన రోజులు గుర్తున్నవారికి ఇది వింతగా తోచదు.

పదిగంటల చట్టం చివరికి 1847లో వచ్చింది. దాన్ని నెగ్గించిన జాన్ ఫీల్డెన్ కూడా మిల్లు యజమానే. చిన్నతనంలో తండ్రి మిల్లులో పనిచేసినవాడు కనుక తనకు ఒళ్లునొప్పులు గుర్తున్నాయని చెప్పుకున్నాడు. క్వారీ బ్యాంక్‌లో అప్రెంటిస్ పద్ధతి ముగిసింది కూడా అదే ఏడాది. రాబర్ట్ హైడ్ గ్రెగ్, ఫీల్డెన్ ఇద్దరూ ఒకే తరం, ఒకే వ్యాపారం. యజమానులందరినీ ఒకే గాటన కట్టేయకుండా ఉండటానికి ఈ జంటను గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక వెళ్లేవారికి కొన్ని సూచనలు. లోయలోకి దిగే దారి వాలుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని వెంట తెచ్చుకునేవారు తొందరపడకుండా నడిచే వీలు చూసుకోవాలి. ఇప్పుడున్న నీటిచక్రం యార్క్‌షైర్‌లోని మరో మిల్లు నుంచి తెచ్చి బిగించినదే అయినా, అది తిరుగుతుంటే మిల్లంతా ఎలా నడిచిందో పిల్లలకు క్షణంలో అర్థమవుతుంది. తినడానికి కెఫే ఉంది, కానీ మనవాళ్లు పులిహోర కట్టుకుని వెళ్లి గడ్డిలో కూర్చుని తినడమే సుఖం. మాంచెస్టర్ చుట్టుపక్కల తిప్పి చూపించే కొన్ని ప్రైవేటు టూర్ బస్సులు ఈ చోటుకు గంట మాత్రమే కేటాయిస్తాయి. మా బంధువులు ఒకసారి అలా వెళ్లి అప్రెంటిస్ హౌస్ చూడకుండానే తిరిగివచ్చారు, అది డబ్బు దండగ. సొంతంగా వెళ్లి, పొద్దున్నే చేరి, ముందు అప్రెంటిస్ హౌస్, తరవాత మిల్లు, ఓపిక మిగిలితే కార్మికుల ఇళ్లున్న స్టయల్ పల్లె అనే వరసలో చూడాలి. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు ఇది చాలా బాగుంటుంది. అంతకన్నా చిన్నవాళ్లు మగ్గాల మోతకు భయపడవచ్చు.

ఉద్యమం వైపు ఎక్కువ ఆసక్తి ఉన్నవారు ఈ ఒక్క చోటుతో ఆగకూడదు. మాంచెస్టర్ నగరంలోని పీపుల్స్ హిస్టరీ మ్యూజియంలో కార్మిక సంఘాల జెండాలు, కరపత్రాలు ఉచితంగా చూడవచ్చు. బ్రాడ్‌ఫర్డ్‌లో ఓస్ట్లర్ కంచు విగ్రహం ఉంది, పక్కనే ఇద్దరు మిల్లు పిల్లల బొమ్మలు కూడా ఉన్నాయి. 1869లో దాన్ని ఆవిష్కరించింది ఆనాటి లార్డ్ ఆష్లీయే, అప్పటికి షాఫ్ట్స్‌బరీ ప్రభువు. క్వారీ బ్యాంక్‌కు నేనిచ్చే మార్కులు అయిదుకు నాలుగున్నర. ఆ తగ్గించిన అర మార్కు కూడా నిర్వాహకుల లోపానికి కాదు. ఒక్క మంచి మిల్లును చూసి అన్నీ ఇలాగే ఉండేవనుకుని తిరిగివెళ్లే ప్రమాదం ఈ చోటుకే పుట్టుకతో ఉంది, దానికే ఆ అర మార్కు.